తాతయ్య ఏడుంపావు

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నిమిషమ్మకి తెలుసు. చప్పుడు వినిపిస్తోంది, వాసనా తగులుతోంది. అయినా కుర్చీలోంచి లేవలేదు. పాతికేళ్ళకు పైబడిన సంసారంలో ఆవిడ పాలు పొంగనివ్వడం ఇదే మొదటిసారి, అదీ తెలిసి తెలిసి.

"ఏమే, పాలు," అంది పక్కన కూర్చున్న అక్క.

"ఒక్క నిమిషం," అంది నిమిషమ్మ.

ఆ పేరు వచ్చింది అలాగే. చిన్నప్పుడు ఎవరు ఏ పనికి పిలిచినా ఆవిడ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. పిలిచి పిలిచి విసిగిపోయిన పెద్దవాళ్ళు చివరికి దాన్నే పేరుగా ఖాయం చేశారు. బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసైనా, యాభై రెండేళ్ళు వచ్చినా అది వదల్లేదు. అసలు పేరు సర్టిఫికెట్ల మీద క్షేమంగా ఉంది.

అక్కే లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి, పొంగినంత మేరా గుడ్డతో తుడిచి వచ్చింది. అక్క అంటే పెదనాన్న కూతురు, నిమిషమ్మ కంటే నాలుగేళ్ళు పెద్ద. ఆ ఉదయం పదకొండింటికి చేతిసంచిలోంచి చిన్న చెక్కపెట్టె తీసి కిటికీ పక్క బల్ల మీద పెట్టి, "నాకు ఐదింటిదాకా టైముంది. నీకూ అంతే," అన్నప్పటినుంచి ఈ ఇంట్లో ఏ పనీ పద్ధతిగా సాగలేదు.

పెట్టెలో ఉన్నది తాతయ్య చేతి గడియారం. దాని పక్కన నాలుగు మడతలు పెట్టిన చీటీ.

చీటీ పెదనాన్నది. ఆయన ఉద్యోగమంతా ఒక పెద్ద ఆఫీసు రికార్డు రూములో గడిచింది. రిటైరయ్యాక అక్కడి కాగితాలు దక్కక ఇంట్లో సామాన్ల మీద పడ్డాడు. వాళ్ళింట్లో ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని రాసి ఉంటుంది, దాని కింద తేదీ, దాని కింద సంతకం. అదే చేతిరాతతో ఈ చీటీ మీద ఇలా ఉంది: 'మా నాన్నగారి చేతి గడియారం. ముళ్ళు, మరలు అసలైనవి. డయల్ అసలైనది కాదు. మార్చినది నా తమ్ముడు.' తేదీ. సంతకం.

ఆ తమ్ముడే నిమిషమ్మ నాన్న. జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. ప్రస్తుతం పక్కగదిలో మంచం మీద పేపరు చదువుతున్నాడు. గంటన్నరగా ఒకే పేజీ.

"రేపు పొద్దున్న మా అమ్మాయి ఉద్యోగంలో చేరుతోందిగా," అంది అక్క గొంతు తగ్గించి. "నాన్న ఈ వాచీ దాని చేతికి కడతాడు. పెట్టెతో సహా, చీటీతో సహా. చీటీ తీసెయ్ నాన్నా అంటే, రికార్డులోంచి కాగితం తీసెయ్యడం నేరం అంటాడు. వీళ్ళిద్దరికీ మాటల్లేవని తెలుసు గానీ, ఎందుకో దానికి ఇంతవరకు తెలీదు. చిన్నతాతయ్యంటే ప్రాణం. రేపట్నుంచి చిన్నతాతయ్యంటే డయల్ దొంగ."

"దొంగ అని రాయలేదుగా."

"రాసుంటే నయం, ఓ పూట పోట్లాడుకుని ఊరుకునేవాళ్ళం. 'మార్చినది' అని రాశాడు. అలాంటి మాట చెరగదే."

బెల్టు మార్పించుకొస్తానని తండ్రికి చెప్పి వాచీని ఇక్కడికి తెచ్చింది అక్క. ఐదింటికి పెదనాన్న కారులో వచ్చి కూతుర్నీ, వాచీనీ తీసుకెళ్తాడు. ఆయనకి నిమిషమ్మతో మాటలున్నాయి, ఈ ఇంటి గేటుతో కూడా ఉన్నాయి. గేటు లోపలున్న తమ్ముడితోనే లేవు. వచ్చిన ప్రతిసారీ హారన్ కొట్టిస్తాడు, గేటు దగ్గరే క్షేమసమాచారాలు కనుక్కుంటాడు, వెళ్ళిపోతాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస.

తాతయ్య వాచీ స్ప్రింగు తెగి ఆగిపోయినప్పుడు ఆయన దాన్ని బాగుచేయించుకోలేదు. 'నాతో సమానంగా పనిచేసింది, దానికీ రిటైర్మెంటే,' అని మధ్యగదిలో అద్దం పక్క మేకుకి తగిలించాడు. ఎవరూ ముట్టుకోడానికి లేదు. ఇరవై రెండేళ్ళు అది అక్కడే వేలాడింది. ఆయన పోయాక పెదనాన్న దాన్ని తీసి తమ్ముడి చేతిలో పెట్టి, నాన్న గుర్తుగా కట్టుకుంటాను, నడిపించి ఇవ్వమన్నాడు. తమ్ముడు కొత్త స్ప్రింగు వేశాడు, గీతలు పడి మసకబారిన గ్లాసు తీసి కొత్తది బిగించాడు, కీ ఇచ్చి తెచ్చి అన్నగారి చేతిలో పెట్టాడు. అన్నగారు చూశాడు. తెల్లటి డయల్ మీద గోధుమరంగు మచ్చ. అక్షరాలు కూడా ఇదివరకటి కంటే సన్నంగా ఉన్నట్టు తోచాయి. 'ఇది మా నాన్న వాచీ ముఖం కాదు,' అన్నాడు.

ఆ రోజుల్లో పాత డయళ్ళకి గిరాకీ ఉండేది. మంచిది తీసుకుని మచ్చది తగిలించాడన్నది అభియోగం. తమ్ముడు కాదన్నాడు. మరి మచ్చ ఎక్కడిదంటే మాత్రం నోరు విప్పలేదు. ఆ మౌనం చూసి చుట్టాలందరూ నమ్మేశారు. నిమిషమ్మ కూడా, పైకి ఎవరితోనూ అనకపోయినా, ఒక పావు వంతు నమ్మింది. ఆ పావు వంతే ఇవాళ ఆవిడ్ని కుర్చీకి కట్టేసింది.

"అన్నమైనా వండుతావా, లేదా?" అంది అక్క.

"వండుతాను."

"ఎప్పటికి?"

"తాతయ్య ఏడుంపావుకి."

ఆ ఇంటివాళ్ళ భాషలో దానర్థం ఎప్పటికీ కాదని. మేకుకి వేలాడినన్నాళ్ళూ ఆ వాచీ ఏడుంపావే చూపించింది. కొత్త గౌను ఎప్పుడు కొంటావంటే తాతయ్య ఏడుంపావుకి. చెల్లిని కొట్టడం ఎప్పుడు మానేస్తావంటే తాతయ్య ఏడుంపావుకి. గోడ మీంచి వాచీ దిగిపోయింది గానీ, మాట నోళ్ళలో ఉండిపోయింది.

నిమిషమ్మ గడియారాలవాళ్ళు వాడే నల్లటి కంటిగ్లాసుని మళ్ళీ కంటికి బిగించుకుంది. అది నాన్నదే. పెళ్ళికి ముందు పని నేర్పమని వెంటపడితే, 'ముందు చూడ్డం నేర్చుకో' అనేవాడు. పెళ్ళి కుదిరేదాకా చూడడంతోనే సరిపోయింది.

"మనసులో మింగకుండా పైకి చెప్పవే," అంది అక్క. "నా గుండె నా చేతుల్లో లేదు."

"మార్చి తగిలించే డయళ్ళు చాలావరకు రంగేసి తిరగరాసినవే. వాటిని ముందు అక్షరాలు పట్టిస్తాయి. లావెక్కిపోతాయి, మూలలు గుండ్రబడతాయి. వీటిని చూడు, చీమకాళ్ళలా ఉన్నాయి. ఒక్కటీ వాచలేదు." వాచీని కిటికీ వైపు కొంచెం ఒంచింది. "నిమిషాల గీతలన్నీ ఒక్క వరసలో ఆగాయి. ఒక్క గీతా పక్కకి జారలేదు. ఇక ఆరు కింద ఏ దేశంలో తయారైందో చెప్పే బుల్లి అక్షరాలు ఉంటాయి. కంపెనీవాళ్ళే సగం అంచులో దాచేస్తారు. తిరగరాసేవాళ్ళు అయితే వాటిని మర్చిపోతారు, లేకపోతే అందరికీ కనపడాలని పైకి జరిపి రాస్తారు. ఇవి బుద్ధిగా దాక్కునే ఉన్నాయి."

"ఇంకా?"

"సెకన్ల ముల్లు తిరిగే ఈ చిన్న గుంటలో గ్రామఫోను రికార్డు మీదలాగా రింగులున్నాయి. పైన రంగు పడితే మొదట పూడిపోయేవి ఇవే. ఇక్కడ ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు."

ఆవిడ గొంతు పెరుగుతోంది. పక్కగదిలో పేపరు చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"ఫ్యాక్టరీలోంచి వచ్చిన ముఖమే అక్కా. దీని మీద ఇంకో కుంచె పడలేదు. అసలైనదే."

అక్క చేతులు రెండూ జోడించబోయి మధ్యలో ఆపేసింది. "ఇప్పుడు మా నాన్న ఏమంటాడో చెప్పనా? అసలైనదే కావచ్చు, కానీ ఎవరి అసలైనది అంటాడు. ఇదే కంపెనీ వాచీలు లోకంలో ఇంకా లేవా? వాటిల్లో ఒకదాని డయల్ కావచ్చుగా?"

గంటన్నర కష్టం సగం వంతెన అని తేలింది. మిగిలిన సగానికి దారి మచ్చలోంచే వెళ్ళాలి. ఇంతసేపూ దాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగిందని అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఆ పావు వంతు భయం.

సరే కానిమ్మని చూసింది.

మరకల విషయంలో నిమిషమ్మకి ఎవరూ డాక్టరేటు ఇవ్వలేదు గానీ, ఇవ్వాల్సింది. టీ మరక అంచు ముదురుగా, మధ్య పలచగా ఉంటుంది. నూనె పాకుతుంది, ఎక్కడ ఆగాలో దానికే తెలీదు. తుప్పు ఒకచోట పుట్టి చుట్టూ పొడి రాలుస్తుంది. సిరా అయితే తప్పు చేసినట్టు నాలుగు వైపులకీ పారిపోతుంది. ఈ మచ్చకి ఆ లక్షణాలేవీ లేవు. పాకలేదు, చిమ్మలేదు. మధ్యలోంచి బయల్దేరి తిన్నగా వెళ్ళింది, ఒకచోట ఆగింది. పైగా ఒకటి కాదు, రెండు. ఒకటి పొట్టిగా, కాస్త వెడల్పుగా. ఇంకోటి పొడుగ్గా, సన్నగా.

ఇలాంటి మరకని ఆవిడ జన్మలో ఒక్కసారే చూసింది, పెళ్ళయిన కొత్తలో, మొగుడి తెల్లచొక్కా వీపు మీద. ఫోను మోగితే ఇస్త్రీపెట్టెని చొక్కా మీదే వదిలేసి వెళ్ళింది. వచ్చేసరికి చొక్కా మీద ఇంకో ఇస్త్రీపెట్టె, గోధుమరంగుది. ఆయన ఆ చొక్కాని కోటు కింద మూడేళ్ళు తొడుక్కున్నాడు, ఒక్క మాట అనకుండా. అదే ఆవిడకి ఇప్పటికీ మంట.

"అక్కా," అంది మెల్లిగా. "మరకలు రెండు రకాలు. పడేవి కొన్ని, కూర్చునేవి కొన్ని. ఇది పడ్డది కాదు. ఏదో కూర్చుంది దీని మీద, లేవకుండా."

"ఏం కూర్చుంటుందే గ్లాసు కింద?"

నిమిషమ్మ కంటిగ్లాసుని అక్క చేతిలో పెట్టింది. "టైమెంతో చూడు."

అక్క గోడ వైపు చూసింది. "పన్నెండూ నలభై."

"అక్కడ కాదు. మచ్చలో."

అక్కకి కంటిగ్లాసు నిలబడదు. రెండుసార్లు ఒళ్ళో పడింది. మూడోసారి వేలితో అదిమిపట్టుకుని ఒంగింది. "పొడుగుది మూడు మీదుంది. పొట్టిది ఏడు దాటి కొంచెం... కొంచెం కాదు, పావు వంతు." కంటిగ్లాసు మళ్ళీ పడిపోయింది, ఈసారి ఎవరూ తియ్యలేదు. "ఏడుంపావు. ఏమే నిమిషం, తాతయ్య ఏడుంపావు."

నిమిషమ్మ లేచి బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, చాలక ఇంకో చుట్టు తిరిగింది. మాటలు ఒకదాన్ని తోసుకుని ఒకటి వచ్చేస్తున్నాయి. "ముళ్ళ మీద పచ్చటి పూత కనపడుతోందా? చీకట్లో వెలగడానికి పాతవాటికి రేడియం పూసేవాళ్ళు. దాని కిరణాలు ఊరుకోవు, కింద ఉన్నదాన్ని మాడుస్తాయి. కాలేజీలో చదివానే నేను ఇది, పరీక్షలో రాశాను కూడా. వాచీ నడుస్తున్నప్పుడు ఫర్వాలేదు, ముళ్ళు ఒకచోట కుదురుగా ఉండవు. ఇది ఇరవై రెండేళ్ళు మేకుకి వేలాడింది, ముళ్ళు ఏడుంపావు మీద కూర్చుండిపోయాయి. మచ్చ వాటి కిందే తయారైంది, వాటి కిందే దాక్కుంది. నాన్న నడిపించగానే ముళ్ళు లేచి వెళ్ళిపోయాయి, మచ్చ బయటపడింది. వేరే డయల్ అయితే సరిగ్గా ఏడుంపావు దగ్గరే ఎందుకు మాడుతుందక్కా?"

"నాకేం తెలుసే, చెప్పు, ఇంకా చెప్పు," అంది అక్క, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా.

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. పేపరు ఇంకా చేతిలోనే ఉంది.

"నేను కాదా?" అన్నాడు.

నిమిషమ్మకి అర్థం కాలేదు. "ఏంటి నాన్నా, నువ్వు కాదనేగా మొదట్నుంచీ..."

"డయల్ మార్చలేదన్నాను. అది నిజమే." వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. వాచీ వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. "మచ్చ మాత్రం నేనే చేశాననుకున్నానే. పెట్రోల్‌తో మరలు కడిగాను. సరిగ్గా ఆరలేదేమో, ఆవిరి కొట్టిందేమో అనుకున్నాను. నడిపించి చూద్దును గదా, పాడు మచ్చ. అన్నయ్య ఎక్కడిదని అడిగితే ఏం చెప్పను? నాన్న వాచీని నా చేతుల్తో తగలేశానని చెప్పనా?"

"దొంగ అంటుంటే పడ్డావు గానీ..."

"దొంగ అంటే అనుమానమే కదమ్మా. నలుగురు నమ్ముతారు, నలుగురు నమ్మరు. పని చేతకాదంటే అందరూ నమ్ముతారు." పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. "నేనూ నమ్మాను. ఆ తర్వాత డయల్ ఉన్న ఏ పనికైనా చెయ్యి వణికేది."

ఆయన దుకాణం పదేళ్ళు ముందే ఎందుకు మూసేశాడో నిమిషమ్మకి ఇవాళ తెలిసింది. కళ్ళు మందగించాయనే అందరికీ చెప్పాడు. ఆ కళ్ళతోనే ఇప్పుడు కంటిగ్లాసు పెట్టుకుని ఏడుంపావుని చూస్తున్నాడు, అరంగుళం దూరం నుంచి, రెప్ప వెయ్యకుండా.

"అందంగా మాడింది," అన్నాడు చివరికి. పనివాడి మెచ్చుకోలు అది.

అయితే అక్క రికార్డు రూము మనిషి కూతురు. కళ్ళు తుడుచుకోగానే బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. "నాన్న ఒప్పుకోడు. రేడియం మాడుస్తుందని ఎవరు చెప్పారు, సాక్ష్యమేదీ అంటాడు. నీ బీఎస్సీ పుస్తకం చూపిస్తావా?"

నిమిషమ్మ వాచీలోకి చూసింది. ఇప్పుడు ముళ్ళు ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ దగ్గర ఆగి ఉన్నాయి. పెదనాన్న ఆ రోజు కోపంతో బీరువాలో పడేసినప్పుడు ఆగిన చోటు.

"అక్కా, మీ నాన్న దీన్ని మళ్ళీ ఎప్పుడైనా నడిపించాడా?"

"బీరువా తీస్తేగా. ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. మొన్న నాకివ్వడానికే తీశాడు."

"అంటే ముప్పై ఒక్క ఏళ్ళు కదల్లేదు." నిమిషమ్మ మళ్ళీ ముళ్ళ మీదికి ఒంగింది. "నేను చెప్పింది నిజమైతే, ఇప్పుడు ఈ ముళ్ళ కింద ఇంకో ఏడుంపావు ఉండాలి. ఒంటిగంటకి పది తక్కువ."

ముగ్గురూ వాచీ వైపు చూశారు. కీ బుడిపె లాగి తిప్పితే అరక్షణంలో తేలిపోతుంది. నాన్న చెయ్యి అప్పటికే దాని దగ్గరికి వెళ్ళింది.

"వద్దు నాన్నా."

"చూసి మళ్ళీ అక్కడే పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"పెదనాన్నకి తెలుస్తుంది. మధ్యాహ్నం మీరే కాల్చారంటాడు. ఆయన చూస్తుండగా తిప్పాలి, ఆయన చేతే తిప్పించాలి."

"కింద ఏమీ లేకపోతే?" అన్నాడు నాన్న.

కింద ఏమీ లేకపోతే చీటీ అలాగే ఉంటుంది, దానికి తోడు ఈ నాటకమొకటి.

అన్నం వండారు, తిన్నారు. ఏం తిన్నారో ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు. వాచీ మీద గిన్నె బోర్లించి, గిన్నె మీద పుస్తకం పెట్టింది నిమిషమ్మ, తన మీద తనకే నమ్మకం లేక. మూడింటికి ఒకసారి గిన్నె సర్దే మిషతో నాన్న అటు వెళ్ళాడు. నాలుగున్నరకి అక్క వెళ్ళింది. నాలుగుంపావుకి నిమిషమ్మ వెళ్ళిన సంగతి వాళ్ళిద్దరికీ తెలీదు.

ఐదింటికి ఒక నిమిషం ముందు హారన్ మోగింది.

నిమిషమ్మ గేటు దగ్గరికి వెళ్ళేసరికి పెదనాన్న కారు అద్దం దించి సిద్ధంగా ఉన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. "ఏమే, ఆరోగ్యమెలా ఉంది? మీ ఆయన బావున్నాడా? మా అమ్మాయిని పంపు."

"చీటీలో తప్పుంది పెదనాన్నా," అంది నిమిషమ్మ.

"ఏ చీటీలో?"

"వాచీ పెట్టెలో చీటీలో. మీరు రాసినదాన్లో."

"నా చీటీలో తప్పా?"

"వచ్చి చూస్తే చూపిస్తాను."

తమ్ముడి ముఖం చూడడం కంటే తన రికార్డులో తప్పు మిగిలిపోవడం ఆయనకి ఘోరం. కారు దిగాడు. గేటు దాటాడు. మోకాళ్ళు ఒప్పుకోని వేగంతో మెట్లెక్కాడు. గదిలోకి వచ్చి, లోపలి గుమ్మానికున్న కర్టెన్ కింద తమ్ముడి పాదాలు చూసి, "ఆయన్ని అటే ఉండమను," అని కుర్చీ లాక్కున్నాడు.

నిమిషమ్మ చెప్పాల్సిందంతా చెప్పింది. ఇస్త్రీపెట్టె సంగతి కూడా. పెదనాన్న మధ్యలో ఒక్కసారే అడ్డు తగిలాడు. "మేకు మీద ఉన్నప్పుడు రోజూ చూశాను నేను. మచ్చ లేదు."

"రోజూ మీరు చూసింది ముళ్ళని పెదనాన్నా. అది వాటి కింద ఉంది. ఆ పైన గ్లాసు చూస్తే గీతలమయం. కొత్త గ్లాసులోంచి చూసేసరికి అక్షరాలు కూడా సన్నబడ్డాయి."

"ఇదంతా ఊహ."

"ఊహే. అందుకే మీరే తిప్పండి." వాచీని ఆయన చేతిలో పెట్టింది. "మీ బీరువాలో, మీ తాళం కింద ముప్పై ఒక్క ఏళ్ళుంది. ఈ ముళ్ళ కింద ఏమీ లేకపోతే చీటీ కింద నేను కూడా సాక్షి సంతకం పెడతాను."

కర్టెన్ వెనక దగ్గు వినిపించింది.

పెదనాన్న కీ బుడిపెని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"ముందు గోరుతో పైకి లాగమను," అంది కర్టెన్. "ఊరికే తిప్పితే కీ ఎక్కుతుంది."

"నాకు తెలుసని చెప్పు," అన్నాడు పెదనాన్న. ఆయనకి తెలీదు. గోరుతో లాగాడు, టక్‌మంది. తిప్పాడు. పది దగ్గరున్న పొడుగు ముల్లు కదిలి పదకొండు వైపు జరిగింది.

కింద తెల్లగా మెరిసింది. ఏమీ లేదు.

అక్క కళ్ళు మూసుకుంది. కిటికీ వెలుతురు సూటిగా గ్లాసు మీద పడుతోందని నిమిషమ్మకి తట్టడానికి రెండు క్షణాలు పట్టింది. "ఒక్క నిమిషం," అని పెదనాన్న మణికట్టు పట్టుకుని వాచీని నీడ వైపు తిప్పింది.

ఉంది. పది అంకె దాకా, రూళ్ళకర్రతో గీసినట్టు, లేత గోధుమరంగు గీత.

"ఇంకా తిప్పండి. గంట పైన తిప్పండి."

ఆయన తిప్పాడు. పొడుగు ముల్లు ఒక పూర్తి చుట్టు తిరిగింది, పొట్టి ముల్లు ఒంటిగంట దాటి మెల్లిగా పక్కకి తప్పుకుంది. దాని కింద దాని నీడే పడుకుని ఉంది, అది లేచి వెళ్ళినా తను లేవకుండా.

పెదనాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. కంటిగ్లాసు అడిగి తీసుకుని చూశాడు. ఆ పైన రెండూ తీసేసి ఉత్త కళ్ళతో చూశాడు.

"ఇది నా బీరువాలో పడిందంటావు."

"మీరు అలిగి పక్కన పెట్టారు కాబట్టే పడింది. చేతికి కట్టుకుని తిరిగుంటే ముళ్ళు కుదురుగా ఉండేవి కావు, ఇది వచ్చేదే కాదు."

ఆయన జేబులోంచి మూడు పెన్నుల్లో మధ్యది తీశాడు. చీటీ మడతలు విప్పి, చివరి రెండు వాక్యాల మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కింద రాసుకుంటూ వెళ్ళాడు. రాసింది పైకి చదివాడు, ఆఫీసులో అలవాటు. "'పైన కొట్టివేసినది పొరపాటు. డయల్ అసలైనది. మచ్చలు రెండు. మొదటిది నాన్నగారిది. రెండవది నాది.'" తేదీ. సంతకం.

"కొత్త కాగితం మీద రాయొచ్చుగా నాన్నా, ఇది చింపేసి," అంది అక్క.

"పొరపాటు కూడా రికార్డే," అన్నాడు పెదనాన్న. పెన్ను జేబులో పెట్టుకుని కర్టెన్ వైపు తిరిగాడు. "ఏరా."

కర్టెన్ కదల్లేదు.

"నిన్నేరా. మచ్చ ఎక్కడిదని ఆ రోజు అడిగితే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

నాన్న బయటికి వచ్చాడు. పేపరు ఇప్పుడు లేదు, చేతులు ఏం చెయ్యాలో తెలీనట్టున్నాయి. "నేనే చేశాననుకున్నాను అన్నయ్యా. కడిగేటప్పుడు."

"చెప్పి ఏడవొచ్చుగా, వెధవా."

"నువ్వు అడిగిన తీరు అలా ఉంది మరి."

పెదనాన్న ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నాడు, కొట్టివెయ్యడానికి ఏమీ దొరకలేదు. నాన్న ఆగలేక బల్ల దగ్గరికి వచ్చి వాచీ అందుకున్నాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, కీ రెండు పళ్ళు ఎక్కించి మళ్ళీ విన్నాడు. "నూనె ఎండిపోయింది. ఇలా కడితే పిల్ల చేతికి రేపే ఆగిపోతుంది. ఉండు, విప్పుతాను." అంటూనే కుర్చీ లాక్కుని కంటిగ్లాసు బిగించుకున్నాడు. చెయ్యి వణకలేదు. నిమిషమ్మ ఆ చేతినే చూస్తోంది కాబట్టి ఆవిడకి తెలుసు.

"ఎప్పటికిస్తావు?" అన్నాడు పెదనాన్న.

"నాన్న ఏడుంపావుకి," అన్నాడు నాన్న తలెత్తకుండా.

అక్క ఫక్కున నవ్వింది. పెదనాన్న నవ్వలేదు. గోడ గడియారం వైపు చూసి, "గంటా ముప్పై ఐదు నిమిషాలు," అని లెక్కకట్టి, కుర్చీని తమ్ముడికి ఎదురుగా జరుపుకుని, కిటికీలోంచి డ్రైవరుని బండి పక్కకి పెట్టుకోమని సైగ చేసి కూర్చున్నాడు. "నిమిషం, కాఫీ పెట్టవే."

పొద్దున్న పొంగగా మిగిలిన పాలు సరిపోవు. నిమిషమ్మ వంటింట్లోకి వెళ్ళి ఇంకో ప్యాకెట్ కత్తిరించి పొయ్యి మీద పెట్టింది. ముందుగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఈ గ్లాసు మీద గీత ఎవరు పెట్టారన్నయ్యా?"

"ఏ గీత?"

"ఇదిగో, మూడు పక్కన. నేను ఇచ్చినప్పుడు లేదిది."

"నేను ముట్టుకుంటేగా గీత పడ్డానికి. నీ దగ్గర్నుంచే అలా వచ్చింది."

"నా దగ్గర్నుంచి వచ్చినప్పుడు నున్నగా ఉంది."

నిమిషమ్మ ఈసారి పాల మీంచి చూపు తిప్పలేదు.